మీకు తెలుసా? గొంతులో తెరిచిన ఊపిరి దారి

"గొంతు దగ్గర చిన్న రంధ్రం పెట్టి పైపు వెయ్యాలి, సంతకం పెట్టండి" అని డాక్టరు అనగానే ఐసీయూ బయట ఉన్నవాళ్లకు గుండె జారిపోతుంది. గొంతు కోస్తారా, ఇక మాట రాదా, అంటే ఆశ వదులుకోమనా అని భయాలన్నీ ఒక్కసారే కమ్ముకుంటాయి. ట్రాకియాస్టమీ అనే ఈ ఆపరేషన్ గురించి మన ఇళ్లలో తెలిసింది తక్కువ, భయం ఎక్కువ. ఆ భయం కూడా చాలావరకు కత్తి మీదికే పోతుంది. నిజానికి కత్తి పనిచేసే ఆ కాసేపటికన్నా, పైపు లోపల ఉండే రోజులే ఎక్కువ కాపలా కోరతాయి. ఈసారి ముచ్చట్లన్నీ దాని చుట్టూనే.

కోత ఎక్కడ పడుతుంది?

పెద్దవాళ్లలో శ్వాసనాళం పొడవు 10 నుంచి 12 సెంటీమీటర్లు. అది నలిగిపోకుండా నిలబెట్టేవి 16 నుంచి 20 మృదులాస్థి ఉంగరాలు. ఉంగరాలంటున్నామే గానీ అవి పూర్తి చుట్టు తిరగవు. వెనకవైపు తెరిచి ఉంటాయి. అక్కడ ఒక పల్చటి పొర, ఆ పొరను ఆనుకుని అన్నవాహిక. అందుకే సర్జన్ చెయ్యి లోతు తప్పకూడదు. ముందునుంచి దిగిన సూది వెనక గోడను కూడా దాటితే అన్నవాహికకు చిల్లు పడుతుంది. మామూలుగా రెండు, మూడు ఉంగరాల మధ్యో, మూడు, నాలుగు ఉంగరాల మధ్యో తెరుస్తారు.

స్వరపేటిక వీటన్నిటికీ పైన ఉంటుంది. కాబట్టి మాటనిచ్చే స్వరతంతువుల జోలికి ఎవరూ పోరు. ఊపిరి మెడ దగ్గరే బయటికి వచ్చేస్తుంటే పైనున్న స్వరతంతువులకు గాలి అందదు, మాట ఆగుతుంది. పైపు తీసేశాక చాలామందికి అది తిరిగొస్తుంది.

ఇంకో కోత కూడా ఉంది. కంఠమణి మీద వేలు పెట్టి మెల్లగా కిందికి జార్చండి, చిన్న గుంట తగులుతుంది. చర్మానికీ శ్వాసమార్గానికీ మధ్య అతి తక్కువ అడ్డు ఉన్న చోటు అదే. నోట్లోంచి పైపు దిగక, మాస్కుతోనూ గాలి అందక, నిమిషాల్లో ప్రాణం పోయే స్థితి వస్తే డాక్టర్లు అక్కడే కోస్తారు. దాని పేరు క్రైకోథైరాయిడాటమీ. ట్రాకియాస్టమీకి సాధారణంగా ముందు రోజే ఏర్పాట్లు చేసుకుంటారు. దీనికి మాత్రం అంత సమయం ఉండదు. సినిమాల్లో బాల్‌పెన్నుతో చేసేసినట్టు చూపిస్తారు, దయచేసి ఎవరూ ఆ ఆలోచన పెట్టుకోవద్దు.

నోట్లో పైపు ఉండగా మళ్లీ గొంతులో ఎందుకు?

వెంటిలేటర్ పైపు నోట్లోంచి స్వరపేటికను దాటుకుని లోపలికి వెళ్తుంది. రోజుల తరబడి అక్కడే ఒరుసుకుంటే పుండ్లు పడతాయి, తర్వాత ఆ దారి సన్నబడే ప్రమాదమూ ఉంది. పైగా మెలకువలో ఉన్న మనిషి దాన్ని ఓర్చుకోలేడు, మత్తుమందు ఇస్తూనే ఉండాలి. అదే పైపు మెడలో ఉంటే మత్తు తగ్గించవచ్చు, నోరు కడగవచ్చు, తెమడ తేలిగ్గా లాగవచ్చు, మంచం మీద కూర్చోబెట్టవచ్చు, వెంటిలేటర్ నుంచి కొద్దికొద్దిగా విడిపించవచ్చు. మన ఐసీయూల్లో ఈ అవసరం ఎక్కువగా పడేది ఎవరికి? తలకు దెబ్బ తగిలిన బైకు ప్రమాద బాధితులకు, పురుగుమందు తాగి కండరాలు చచ్చుబడినవారికి, పక్షవాతం వచ్చినవారికి, నరాల జబ్బు గిలియన్-బారీ సిండ్రోమ్ వచ్చినవారికి. వీరిలో చాలామంది కోలుకోగలవారే. డాక్టరు ట్రాకియాస్టమీ మాట ఎత్తారంటే చేతులెత్తేశారని అర్థం కాదు. చాలాసార్లు, ఈ మనిషి ఇంకా కొన్ని వారాలు పోరాడతాడు, దానికి తగ్గ ఏర్పాటు చేద్దాం అని.

నాణేలు మింగిన కుర్రాడు

క్రీస్తు పూర్వం ఒకటో శతాబ్దంలోనే అస్‌క్లెపియాడిస్ అనే గ్రీకు వైద్యుడు ఈ పని చేశాడని గేలెన్ రాశాడు. స్పష్టమైన రికార్డు మాత్రం 1546 నాటిది. గొంతులో చీముగడ్డతో ఊపిరాడని రోగిని ఇటలీ వైద్యుడు అంటోనియో మూసా బ్రసావోలా ఈ కోతతో బతికించాడు.

వీటికన్నా నన్ను పట్టి ఆపేది 1620లో పారిస్ సర్జన్ నికొలా అబికో ప్రచురించిన పుస్తకంలోని ఒక కేసు. 14 ఏళ్ల కుర్రాడు. దారిలో దొంగలు దోచుకుంటారని భయపడి, తన బంగారు నాణేలను గుడ్డలో మూటకట్టి మింగేశాడు. మూట అన్నవాహికలో ఇరుక్కుంది. ముందే చెప్పుకున్నాం కదా, శ్వాసనాళం వెనక పొర మెత్తన. మూట దాన్ని ముందుకు నొక్కేసరికి ఊపిరి ఆగే స్థితి వచ్చింది. అబికో శ్వాసనాళం తెరిచి ముందు గాలి ఆడేలా చేశాడు. ఆ తర్వాత నింపాదిగా మూటను పొట్టలోకి తోశాడు. కుర్రాడూ దక్కాడు, నాణేలూ తర్వాత వాటి దారిన బయటికొచ్చాయి. ముందు ఊపిరి, తర్వాతే మిగతాది అన్న వరస నేటి ఎమర్జెన్సీ వార్డుల్లోనూ అదే.

ఒక యువ డాక్టరు మాట వినలేదు

1799 డిసెంబరు 14న అమెరికా తొలి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ గొంతు వాచి ఊపిరాడక చనిపోయారు. మంచం చుట్టూ ముగ్గురు వైద్యులున్నారు. వారిలో అందరికన్నా చిన్నవాడు ఎలీషా డిక్ శ్వాసనాళం తెరుద్దామన్నాడు. పెద్దలిద్దరూ ఒప్పుకోలేదు. అప్పటికి ఆ ఆపరేషన్‌లో బతికినవారు వేళ్లమీద లెక్కపెట్టేంత మంది, కాబట్టి వారి జంకు అర్థం చేసుకోదగ్గదే. దానికి బదులు మళ్లీ మళ్లీ రక్తం తీశారు.

కంఠసర్పి నేర్పిన పని

ఈ కోతను అరుదైన సాహసం నుంచి మామూలు చికిత్సగా మార్చింది కంఠసర్పి, అదే డిఫ్తీరియా. గొంతులో బూడిదరంగు పొర కట్టి పిల్లల ఊపిరి మూసేసే జబ్బు. 1825లో ఫ్రాన్సులోని టూర్ పట్టణంలో పియేర్ బ్రెటోన్నో తన స్నేహితుడి కూతురిని ఈ ఆపరేషన్‌తో కాపాడాడు. ఆయన శిష్యుడు ఆర్మాన్ ట్రూసో దాన్ని వందలాది పిల్లలకు చేశాడు. చాలామంది దక్కలేదు, కానీ దక్కిన ప్రతి బిడ్డా అంతకుముందైతే పోవలసిన బిడ్డే.

ఇది పాతకాలపు జబ్బని కొట్టిపారేయకండి. హైదరాబాద్ నల్లకుంటలోని ఫీవర్ ఆస్పత్రికి, పాతవాళ్లు కోరంటి దవాఖానా అనే చోటికి, మొన్నమొన్నటి దాకా కూడా కంఠసర్పి కేసులు వచ్చాయి. టీకాతో ఆపగలిగిన జబ్బు వల్ల ఒక పసివాడి మెడ కొయ్యాల్సి రావడం నాకైతే ఏ రకంగానూ మింగుడు పడదు. 6, 10, 14 వారాలకు పెంటావాలెంట్, ఏడాదిన్నర ప్రాంతంలోనూ అయిదారేళ్లకూ డీపీటీ బూస్టర్లు, 10, 16 ఏళ్లకు టీడీ. ఇవన్నీ ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితం.

99 రోజుల చక్రవర్తి

జర్మనీ యువరాజు ఫ్రెడరిక్‌కు స్వరపేటికలో క్యాన్సర్. 1888 ఫిబ్రవరి 9న ఇటలీలోని సాన్ రేమోలో బ్రామన్ అనే యువ సర్జన్ ఆయనకు ట్రాకియాస్టమీ చేశాడు. ఆపరేషన్ చక్కగా జరిగింది. సరిగ్గా నెల తర్వాత తండ్రి పోయి, ఫ్రెడరిక్ చక్రవర్తి అయ్యాడు. మాట లేదు, కాగితాల మీద రాసి రాజ్యమేలాడు.

అసలు సంగతి ఏప్రిల్‌లో జరిగింది. పైపు సరిగా లేదని మార్చడానికి అప్పటి జర్మనీలో పెద్ద సర్జన్లలో ఒకడైన బెర్గ్‌మన్‌ను పిలిపించారు. పక్కనే ఉండి చికిత్స చేస్తున్న బ్రిటిష్ వైద్యుడు మోరెల్ మెకెంజీ రాసిన ప్రకారం, ఆయన తోసిన పైపు శ్వాసనాళంలోకి పోలేదు. దాని ముందున్న కండలోకి దిగింది. రోగికి దగ్గు, రక్తస్రావం, తర్వాత చీము. జర్మన్ వైద్యులూ మెకెంజీ ఒకరినొకరు నిందించుకున్నారు, అదో పెద్ద రచ్చ. తప్పెవరిదన్న వాదన పక్కన పెడదాం. ఆపరేషన్ బాగా జరిగాక, వారాల తర్వాత, ఒక మామూలు పైపు మార్పిడిలో, దేశంలోకెల్లా గొప్ప చేతుల్లో కూడా పైపు దారి తప్పగలదు. జూన్ 15న ఫ్రెడరిక్ కన్నుమూశాడు. సింహాసనం మీద ఉన్నది 99 రోజులు.

ఈ తప్పుదారిని డాక్టర్లు ఇప్పటికీ అంతే భయంతో చూస్తారు. పైపు మెడలోనే ఉన్నట్టు పైకి కనిపిస్తుంది, కొస మాత్రం శ్వాసనాళం బయట ఉంటుంది. దానిలోంచి గాలి కొడితే ఊపిరితిత్తులకు బదులు మెడా ముఖమూ ఉబ్బుతాయి.

ఎంత ఎత్తున కొయ్యాలి?

ఫిలడెల్ఫియాలో పనిచేసిన షెవాలియర్ జాక్సన్ మింగిన వస్తువులను బయటికి తీయడంలో దిట్ట. ఆయన తీసిన 2,374 వస్తువులు ఇప్పటికీ అక్కడి మ్యూటర్ మ్యూజియంలో ఉన్నాయి. ట్రాకియాస్టమీని పద్ధతి ప్రకారం ఎలా చెయ్యాలో 1909లో రాసింది ఆయనే. 1921లో మరో హెచ్చరిక చేశాడు: కోత మరీ పైన పడితే స్వరపేటిక కింది భాగం తర్వాత మూసుకుపోతోందని. ఆ మాట మీద డాక్టర్లు అరశతాబ్దం పాటు ఆ పైకోత, అంటే క్రైకోథైరాయిడాటమీ, జోలికి పోలేదు. 1976లో బ్రాంటిగన్, గ్రో అనే సర్జన్లు 655 మంది రోగుల అనుభవంతో, సరిగా చేస్తే అంత భయం అక్కర్లేదని చూపించాక ఎమర్జెన్సీలో అది మళ్లీ చోటు సంపాదించుకుంది.

విద్యార్థులే వెంటిలేటర్లైన ఊరు

1952 వేసవిలో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్‌ను పోలియో ముంచెత్తింది. ఊపిరి కండరాలు పడిపోయిన రోగులు బ్లెగ్‌డామ్ ఆస్పత్రికి వరసగా వస్తున్నారు. ఉన్న యంత్రాలు కొన్నే, వాటితోనూ పది మందిలో ఎనిమిది మందికి పైగా చనిపోతున్నారు. ఆగస్టు 27న మత్తు డాక్టరు బ్యోర్న్ ఇబ్సెన్ చనిపోయే స్థితిలో ఉన్న 12 ఏళ్ల పాపకు ట్రాకియాస్టమీ చేయించి, పైపుకు రబ్బరు సంచి తగిలించి చేత్తో గాలి కొట్టాడు. పాప బతికింది.

కానీ చేత్తో ఎంతసేపు కొట్టగలరు? దాదాపు 1,500 మంది వైద్య, దంతవైద్య విద్యార్థులు షిఫ్టుల వారీగా వచ్చి, వారాల తరబడి, రాత్రీ పగలూ రోగుల మంచాల పక్కన కూర్చుని సంచి నొక్కారు. ఒక దశలో ఏకకాలంలో 70 మందికి అలా ఊపిరి పోశారు. మరణాలు సగానికి పైగా తగ్గాయి. తర్వాతి ఏడాది ఇబ్సెన్ పెట్టిన వార్డునే ప్రపంచంలో తొలి ఐసీయూగా చెప్పుకుంటారు. అంటే ఐసీయూ పుట్టుకలోనే ఈ పైపు ఉంది, దాని పక్కన కునుకు తీయకుండా కూర్చున్న మనిషీ ఉన్నాడు. ఆ రెండోవాడిని మర్చిపోయినప్పుడే ప్రమాదాలన్నీ.

మంచం దగ్గరే

ఒకప్పుడు దీనికి రోగిని ఆపరేషన్ థియేటర్‌కు తీసుకెళ్లేవారు. వెంటిలేటర్ మీదున్న మనిషిని కారిడార్లు దాటించడమే ఒక గండం. 1985లో అమెరికన్ సర్జన్ పాస్క్వాలె సియాలియా కొత్త పద్ధతి చెప్పాడు. సూదితో శ్వాసనాళంలోకి వెళ్లి, సన్నని తీగ దించి, ఆ తీగ మీదుగా రంధ్రాన్ని క్రమంగా వెడల్పు చేసి పైపు జారవిడవడం. ఐసీయూ మంచం మీదే అయిపోతుంది. లోపలినుంచి బ్రాంకోస్కోప్ కెమెరాతో చూస్తూ చేస్తే సూది నడిమధ్యలో పడిందో లేదో, వెనక గోడకు తగిలిందో లేదో కనిపిస్తుంది. ముందే అల్ట్రాసౌండ్ పెడితే మెడలో అడ్డొచ్చే రక్తనాళాలూ తెలుస్తాయి. గాయానికి ఇన్‌ఫెక్షన్ రావడం ఈ పద్ధతిలో తక్కువ. మెడ బాగా లావుగా ఉన్నా, మెడలో గడ్డ ఉన్నా, రక్తం గడ్డకట్టే శక్తి బాగా తగ్గినా థియేటర్‌లో తెరిచి చేయడమే మేలని చాలామంది డాక్టర్లు ఎంచుకుంటారు.

తొందరగా చేస్తే ఎక్కువమంది బతుకుతారా?

బ్రిటన్‌లో ట్రాక్‌మ్యాన్ అనే పెద్ద పరిశోధన దీన్నే తేల్చింది. 909 మంది రోగులను చీటీ వేసినట్టు రెండు గుంపులుగా విడదీశారు. ఒక గుంపుకు మొదటి నాలుగు రోజుల్లోనే ట్రాకియాస్టమీ, రెండో గుంపుకు పదో రోజు దాటాక, అదీ అప్పటికీ అవసరమైతేనే. 2013లో ఫలితం వచ్చింది. 30 రోజుల్లో మరణాలు ఒక వైపు 30.8 శాతం, మరో వైపు 31.5 శాతం. తేడా లేదనే చెప్పాలి. అంతకన్నా ముఖ్యమైన అంకె ఇంకొకటి: ఆగిన గుంపులో ట్రాకియాస్టమీ చేయాల్సి వచ్చింది 45 శాతం మందికే. మిగతావారిలో చాలామంది ఈలోపే కోలుకుని పైపు వదిలించుకున్నారు, కొందరు కన్నుమూశారు. కాబట్టి "ఇంకో రెండు రోజులు చూద్దాం" అని డాక్టరు అంటే అది నిర్లక్ష్యం అనుకోకండి.

కోవిడ్ రోజుల్లోనూ ఇదే ఓపిక పనికొచ్చింది. ఆపరేషన్ చేసేటప్పుడు గాల్లోకి లేచే తుంపర్లు సిబ్బందికి ప్రమాదం. అందుకని కనీసం 10 రోజులు ఆగి, రోగి కోలుకునే సూచనలు కనిపించాకే చెయ్యమని 2020లో అంతర్జాతీయ నిపుణుల బృందం సూచించింది.

అసలు ప్రమాదం ఎక్కడుంది?

2008 సెప్టెంబరు నుంచి ఏడాది పాటు బ్రిటన్‌లోని ప్రభుత్వ ఆస్పత్రులన్నిటిలో శ్వాసమార్గానికి సంబంధించిన తీవ్ర ప్రమాదాలను ఒక్కటొక్కటిగా సేకరించారు. 2011లో వచ్చిన ఆ నివేదికను డాక్టర్లు 'నాప్ ఫోర్' అంటారు. మొత్తం 184 ఘటనలు. ఆపరేషన్ థియేటర్లలో మత్తు ఇచ్చేటప్పుడు జరిగిన ఘటనల్లో మరణమో, మెదడు దెబ్బతినడమో జరిగింది 14 శాతంలో. ఐసీయూల్లో జరిగిన వాటిలో 61 శాతంలో. ఎంత తేడా! ఆ ఐసీయూ ఘటనల్లో పెద్ద వాటా ట్రాకియాస్టమీ పైపు జారిపోవడమే. ఎప్పుడు జారింది? చాలాసార్లు రోగిని పక్కకు తిప్పేటప్పుడు, మంచం సర్దేటప్పుడు. లావుగా ఉన్నవారిలో ఇంకా ఎక్కువ. మెడ చర్మానికీ శ్వాసనాళానికీ మధ్య దూరం పెరిగి, మామూలు పైపు పొడవు చాలదు.

మొదటి వారం పది రోజులు మరీ గడ్డుకాలం. చర్మం నుంచి శ్వాసనాళం దాకా ఉన్న దారి అప్పటికింకా గట్టిపడదు. పైపు బయటికొస్తే ఆ దారి మూసుకుపోతుంది, గుడ్డిగా మళ్లీ తొయ్యబోతే ఫ్రెడరిక్‌కు జరిగినట్టే అవుతుంది. అలాంటప్పుడు మెడ దగ్గర పెనుగులాడకుండా, నోటి గుండా ఊపిరి అందించడమే చాలాసార్లు ప్రాణం నిలుపుతుంది.

ఆ నివేదికలో మనసును కలచివేసే మాట ఒకటుంది. క్యాప్నోగ్రాఫ్ అనే పరికరం రోగి వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్‌ను తెరమీద అలలా చూపిస్తుంది. అల చదునైపోతే పైపు జారినట్టో, పూడినట్టో వెంటనే అనుమానించవచ్చు. ఐసీయూల్లో ప్రాణం పోయిన, మెదడు దెబ్బతిన్న ఘటనల్లో దాదాపు నాలుగింట మూడు వంతుల్లో ఈ పరికరం లేకపోవడమో, దాన్ని వాడకపోవడమో కూడా ఒక కారణమని తేల్చారు. సర్జన్ నైపుణ్యం ఎంతున్నా ఆ లోటును పూడ్చలేదు. మన దగ్గర వెంటిలేటర్ ఉన్న ప్రతి మంచానికీ ఇది ఉండి తీరాలి. ఇందులో రాజీకి చోటు లేదు.

ఆకుపచ్చ బోర్డు, ఎర్ర బోర్డు

2012లో బ్రిటన్‌లోని నేషనల్ ట్రాకియాస్టమీ సేఫ్టీ ప్రాజెక్ట్ ఒక చిన్న ఏర్పాటు చేసింది. మంచం తల దగ్గర బోర్డు. ఆకుపచ్చ బోర్డు ఉంటే ఈ రోగికి మెడలో పైపుతో పాటు నోరు, ముక్కు దారి కూడా ఉందని. ఎర్ర బోర్డు ఉంటే స్వరపేటిక మొత్తం తీసేశారని, ఊపిరికి మెడ ఒక్కటే దారి అని. క్యాన్సర్ వల్ల స్వరపేటిక తీసేసిన మనిషికి ముఖానికి మాస్కు పెట్టి ఎంత ఆక్సిజన్ ఇచ్చినా కొంచెం కూడా లోపలికి పోదు. రాత్రి డ్యూటీలో కొత్తగా వచ్చిన సిస్టర్‌కో, పరిగెత్తుకొచ్చిన జూనియర్ డాక్టరుకో ఈ తేడా రెండు సెకన్లలో తెలియాలి. తెలియనప్పుడు పాటించాల్సిన నియమం కూడా వాళ్లే చెప్పారు: ముఖానికీ, మెడకూ రెండింటికీ ఆక్సిజన్ పెట్టండి. ఒక అట్టముక్క, రెండు రంగులు. ఖర్చు లేదు. మన ప్రతి వార్డులో రేపే పెట్టగలిగిన పని.

ముక్కు చేసే పని ఎవరు చేస్తారు?

మనం పీల్చే గాలిని ముక్కు వెచ్చబరిచి, తడిపి, దుమ్ము వడగట్టి పంపుతుంది. మెడలో పైపు పెడితే ఆ పనంతా ఆగుతుంది. పొడిగాలికి తెమడ ఎండి గట్టిపడి పైపులో బిరడాలా బిగుసుకుంటుంది. తేమ అందించే ఫిల్టరో, నెబ్యులైజరో అందుకే. ఇప్పటి పైపులు చాలావాటిలో లోపల ఇంకో సన్నని గొట్టం ఉంటుంది. పూడిపోతే దాన్ని ఒక్కదాన్నే తీసి కడిగి పెట్టవచ్చు, బయటి పైపు కదలదు. పైపు పూడి ఊపిరాడనప్పుడు మొదట చెయ్యాల్సింది కూడా అదే, లోపలి గొట్టం బయటికి లాగడం. పిల్లల పైపులు మరీ సన్నం, చాలావాటిలో ఈ లోపలి గొట్టం ఉండదు. అందుకే పసివాళ్ల విషయంలో కాపలా రెట్టింపు కావాలి.

కాస్త నెత్తురే కదా అనుకోవద్దు

శ్వాసనాళం ముందునుంచి ఒక పెద్ద ధమని అడ్డంగా పోతుంది. పైపు కొసో, దాని చుట్టూ గాలితో ఉబ్బించే బెలూనో రోజుల తరబడి ఒత్తితే గోడ అరిగి ఆ ధమని తెగవచ్చు. ఇది నూటికి ఒకరికన్నా తక్కువ మందిలోనే జరుగుతుంది గానీ, జరిగితే బతికి బయటపడేవాళ్లు తక్కువ. ఎక్కువగా మొదటి మూడు నాలుగు వారాల్లో. దాదాపు సగం మందిలో పెద్ద రక్తస్రావానికి ముందు చిన్న హెచ్చరిక వస్తుంది, కొంచెం తాజా నెత్తురు కనిపించి ఆగిపోతుంది. పైపు వేసి రెండు మూడు రోజులు దాటాక అలా కనిపిస్తే, ఆగిపోయింది కదా అని ఊరుకోకండి, వెంటనే డాక్టరుకు చెప్పండి. బెలూన్‌లో ఒత్తిడి 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటిమట్టం మధ్య ఉండాలి. వేలితో నొక్కి చూసి చెప్పేది కాదు, మీటరుతో కొలవాల్సింది.

నిప్పు కూడా

ఊపిరితిత్తులకు ఎక్కువ ఆక్సిజన్ పోతుండగా కరెంటు కత్తితో శ్వాసనాళం తెరిస్తే లోపలే మంట లేవవచ్చు. అందుకే ఆ క్షణానికి ముందు సర్జన్ పైకి చెప్పడం, మత్తు డాక్టరు ఆక్సిజన్ తగ్గించడం, మామూలు కత్తితోనే తెరవడం.

కిట్ తెచ్చిన నర్సు

2005లో ఇంగ్లండ్‌లో ఎలేన్ బ్రోమిలీ అనే ఇద్దరు పిల్లల తల్లి సైనస్ ఆపరేషన్‌కు వెళ్లింది. మత్తు ఇచ్చాక ఊపిరి దారి దొరకలేదు. అనుభవమున్న డాక్టర్లే నోటి గుండా పైపు దించే ప్రయత్నం మళ్లీ మళ్లీ చేశారు, నిమిషాలు గడిచిపోయాయి. ఒక నర్సు ట్రాకియాస్టమీ కిట్ తెచ్చి, ఇదిగో ఉందని చెప్పింది. ఎవరూ అందుకోలేదు. ఎలేన్ కొద్దిరోజులకు చనిపోయింది. ఆమె భర్త మార్టిన్ విమాన పైలట్. ఎవరినీ జైలుకు పంపమని అడగలేదు. విమానాల్లో లాగా ఎక్కడ తప్పు జరిగిందో తేల్చండి, అందరికీ నేర్పండి అన్నాడు. 2007లో దానికోసం ఒక సంస్థే పెట్టాడు.

2015లో బ్రిటన్ మత్తు నిపుణులు మొదట చెప్పుకున్న క్రైకోథైరాయిడాటమీ అనే ఆపద్ధర్మ కోతను అతి సులువు చేశారు: 10 నంబరు బ్లేడు, సన్నని దారి చూపే బూజీ కడ్డీ, 6 మిల్లీమీటర్ల పైపు. మూడే వస్తువులు. అంతకుముందు చాలామంది నమ్ముకున్న సన్నని సూది గొట్టం పది ప్రయత్నాల్లో ఆరు సార్లు విఫలమైందని నాప్ ఫోర్ చూపింది మరి. చిన్నవాళ్లు చెప్పిన మాటను పెద్దవాళ్లు వినే వాతావరణం మాత్రం ఏ కిట్‌లోనూ దొరకదు. వాషింగ్టన్ మంచం దగ్గర డిక్ మాట విననప్పటి నుంచి రెండు వందల ఏళ్లు దాటినా ఆ పాఠం ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాం.

మాటనిచ్చే చిన్న మూత

1980లలో డేవిడ్ మ్యూర్ అనే అమెరికన్ యువకుడు కండరాల క్షీణతతో వెంటిలేటర్ మీద ఉండి, మెడలో పైపుతోనే మాట్లాడటానికి ఒక మూత కనిపెట్టాడు. గాలి మెడ గుండా లోపలికి పోతుంది, బయటికి మాత్రం స్వరతంతువుల మీదుగానే రావాలి. ఎంతోమందికి గొంతు తిరిగిచ్చిన వస్తువు అది. ఒక్క షరతు ఉంది: మూత పెట్టే ముందు బెలూన్‌లో గాలి పూర్తిగా తీసెయ్యాలి. తియ్యకపోతే పీల్చిన ఊపిరి బయటికి రావడానికి దారే ఉండదు, ప్రాణం పోతుంది.

భౌతిక శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్‌కు 1985లో జెనీవాలో న్యుమోనియా వచ్చినప్పుడు, వెంటిలేటర్ ఆపేద్దామా అని అక్కడి డాక్టర్లు భార్య జేన్‌ను అడిగారు. ఆమె ఒప్పుకోలేదు. కేంబ్రిడ్జికి తీసుకొచ్చాక ట్రాకియాస్టమీ చేశారు. సహజమైన మాట పోయింది, ఆయన మాత్రం 2018 దాకా బతికారు. లక్షల మంది చదివిన ఆయన కాలచరిత్ర పుస్తకం అచ్చయింది ఆ ఆపరేషన్ తర్వాత మూడేళ్లకు.

ఇంటికి తీసుకెళ్లే ముందు

కొందరు ఆ పైపుతోనే ఇంటికి వస్తారు. డిశ్చార్జి కాగితాలు చేతికొచ్చేదాకా ఆగకండి. రోగి ఆస్పత్రిలో ఉండగానే ఇంట్లో కనీసం ఇద్దరికి సక్షన్ చేయడం (తెమడ లాగడం), లోపలి గొట్టం కడగడం, మెడ పట్టీ మార్చడం సిస్టర్ల చేత దగ్గరుండి నేర్పించమని అడగండి. పట్టీ మార్చేటప్పుడు ఒకరు పైపు పట్టుకుని ఉండాలి, అది ఒక్కరు చేసే పని కాదు. పైపు సైజు, వేసిన తేదీ, నోటి దారి తెరిచి ఉందో లేదో ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాయించుకుని మంచం దగ్గర అంటించండి. అదే సైజు స్పేర్ పైపు ఒకటి, దానికన్నా ఒక సైజు చిన్నది ఒకటి, చేత్తో గాలి కొట్టే అంబు బ్యాగ్ ఎప్పుడూ అందేంత దూరంలో ఉండాలి. కరెంటు పోయినా పనిచేసేలా బ్యాటరీ ఉన్న సక్షన్ మెషినో, కాలితో తొక్కేదో చూసుకోండి. 108కు ఫోన్ చేసినప్పుడు మెడలో పైపు ఉన్న మనిషి అని మొదటి మాటగా చెప్పండి. సిస్టర్లు పనిలో ఉన్నారని, ఎన్నిసార్లు అడుగుతామని మొహమాటపడకండి. చేతికి అలవాటయ్యేదాకా అడగండి.